ఒత్తు

అరండల్‌పేట తొమ్మిదో లైన్లో, మెట్ల కింద నా కొట్టు.
నిలబడితే తల తగులుతుంది, కూర్చుంటే మోకాళ్లు.
ఈ ఎండాకాలం మూడు రాత్రులు
అరచేతంత బోర్డు ముందు కూర్చున్నాను.

రాగిరేకు మీద దారులు గీసింది
మా చెల్లెలి గోళ్లరంగుతో.
ఫెర్రిక్ క్లోరైడ్ పళ్లెంలో ముంచి ఊపుతుంటే
అక్కర్లేని రాగంతా తుప్పునీళ్లలో కలిసిపోయింది.
థిన్నరు పెట్టి రంగు తుడిస్తే
కింద నాలుగు గీతలు,
చింతపండుతో తోమిన చెంబులా.

ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, ఎడమకొకటి కుడికొకటి.
బెజవాడ ఆటోనగర్లో వెంకటరత్నం చుట్టిచ్చాడు.
లారీ డైనమోలు చుట్టే మనిషి,
వెంట్రుక కంటే సన్నతీగ చూసి ముందు నవ్వాడు.
తర్వాత ఊపిరి బిగబట్టి
ఇటు రెండొందల చుట్లు, అటు రెండువేలు.
"లెక్క తప్పితే నన్ను తిట్టు, తెగితే నీ ఖర్మ."

గాడిలో సూది నడిస్తే పుట్టే కరెంటు ఎంతని?
చీమ తుమ్మినంత.
దాన్ని పదింతలు చెయ్యాలి. ఊరికే అవదు,
వోల్టు పెరిగిన కొద్దీ కరెంటు తగ్గుతుంది.
ఈ ఇనుము దగ్గర ఎవరి బేరమూ సాగదు.

మొదటి రాత్రి అన్నీ బిగించి సూది దించాను.
సన్నాయి వచ్చింది.
దాని వెనకాలే ఝుమ్మని ఇంకేదో.
ఎర్త్ తీగలు విప్పి, అన్నిటినీ ఒక్కచోట కలిపి అతికాను.
తగ్గింది, పోలేదు.

రెండో రాత్రి ట్రాన్స్‌ఫార్మర్లని కొద్దికొద్దిగా తిప్పి చూశాను
పసిబిడ్డ తల దిండు మీద సర్దినట్టు.
ట్యూబులైటు ఆర్పాను. ఫ్యానాపాను.
యార్డుకి పోయే మిర్చి లారీ ఘాటు వదిలి వెళ్తే
తుమ్మాను, కాలే సోల్డరింగ్ కడ్డీ చేతిలో ఉండగా.
ఆ తుమ్ము ఇంకా ఉంది బొటనవేలి మీద.

మూడో రాత్రి పక్కింటి ఫ్రిజ్‌ని అనుమానించాను.
తెల్లారుజామున పక్కింటాయన్నీ.

పొద్దున్నే మస్తాన్‌బీ వచ్చింది పాతగుంటూరు నుంచి,
కాలిన మిక్సీ గోనెసంచిలో పెట్టుకుని.
రికార్డు తిరుగుతోంది.
పట్నంబజారు పాతసామాన్ల కొట్లో కిలోల లెక్కన కొన్న కట్టలోది,
లేబులు సగం చెదలు తిన్నది.

"ఆ రొద పోవట్లేదమ్మా" అన్నాను, ఆమె అడక్కపోయినా.
సంచి కింద పెట్టి, చెవి మీది కొంగు జరిపి విన్నది.
"రొద కాదయ్యా. ఒత్తు."

సూది ఎత్తాను. పోయింది.
దించాను. వచ్చింది.
మూడు రాత్రుల్లో ఈ ఒక్క పనీ చెయ్యలేదు నేను.

"మా తాత ఊదేవాడు.
పెద్దసన్నాయి రాగం పట్టుకుని ఊరంతా తిరిగొచ్చేదాకా
ఈయన గుమ్మంలో నిలబడ్డట్టు ఒకటే స్వరం.
బుగ్గల్లో గాలి దాచుకుని ముక్కుతో పీల్చుకుంటూ.
పెళ్లిలో అన్నం కూడా ఆఖరి బంతిలోనే."

"ఇది ఆయనేనా?"

"అయ్యుండొచ్చు. కాకపోవచ్చు.
ఒత్తూదినోడి పేరు ఎవరేస్తారు?"

వాడికి వీడు ఒత్తూదుతున్నాడని
ఎంతమందిని వెక్కిరించానో.
బళ్లో అక్షరం కింద ఒత్తు మర్చిపోతే
చెవి మెలేసిన మాష్టారు గుర్తొచ్చాడు. అదే చెవి.

రొదని కోసెయ్యడానికని
ఒక కెపాసిటర్ కాళ్లకి సీసం పూసి ఉంచాను.
తీసి బిస్కెట్ల డబ్బాలో పడేశాను.

స్టూలు వేసినా కూర్చోలేదు మస్తాన్‌బీ,
రెండోవైపు కూడా నిలబడే విన్నది.
వెళ్తూ వెళ్తూ, మిక్సీ ఎప్పుడిస్తావంది.
మంగళారం అన్నాను.
"దాన్ని మాత్రం నోరు మూయించబాక.
రొద లేకపోతే పచ్చడి నలగదు."