ఆరో జేబు

శుక్రవారం. సిత్రా క్యాంపు, పద్నాలుగో నంబరు గది.
రోజలిన్ అద్దెకు తెచ్చిన సీడీ కవరు మీద
తలకు గుడ్డ కట్టిన తెల్లామె, చేతిలో పానా.
"యుద్ధం సినిమా" అనింది దమయంతి,
"మగాళ్ళు లేని యుద్ధం సినిమా."

పదకొండు మందిమి, మూడు మంచాలు, ఒక గిన్నె బొరుగులు.
ఇంగ్లీషు విని దమయంతి హిందీలో చెప్తుంది,
ఆ హిందీని ఖాజాబీ రాయచోటి తెలుగులోకి దించుతుంది.
మాట మా దాకా వచ్చేసరికి తెర మీద
ఇంకో మనిషి నోరు తెరిచుంటుంది.

సైకిళ్ళ మీద నవ్వుకుంటా ఫ్యాక్టరీకి పోతాండారు.
ఫిరంగి గుండ్లకు ఇత్తడి తొడుగులు బిగిస్తాండారు.
"గోళ్ళు చూడండర్రా" అనింది సలోమి,
"ఒక్క గోరు కిందన్నా నూనె ఉంటే ఒట్టు."
యేసుమణి ఇంకోటి పట్టింది:
అంతమందిలో ఒక్కతి కూడా
ఒంటేలుకు టోకెన్ అడగలేదు.
నేను చూసింది వేరే.
ఏ ఆడమనిషీ గడియారం చూడలేదు.

మిషను ముందరామెకు కళ్ళు మెరుస్తాన్నాయి,
దేశం కోసమంట.
మాకూ మెరుస్తాయి,
ఓటీ అయిపోయే ముందర, నిద్రకు.

తర్వాత ఆమెకు ఉత్తరమొచ్చింది.
ఆమె చించకముందే మాకు తెలిసిపోయింది.
దమయంతి చెప్పడం ఆపేసింది.
మిషన్లన్నీ ఆగిపోయినాయి,
లైనుకు లైను లేచి నిలబడింది ఆమె కోసరం.

మేం సలోమి వైపు చూడలేదు.
పోయిన మేలో రాజోలు నుంచి ఫోనొచ్చినప్పుడు
సూపర్‌వైజరు అరగంటిచ్చినాడు.
అరగంట తర్వాత ఆమె కలిపిన ప్యాంటు కాళ్ళు
మళ్ళీ నా మిషను మీదికొచ్చినాయి,
వరసగా, కుట్టు తప్పకుండా.
ఒక్కటంటే ఒక్కటన్నా
వంకర పోయుంటే బాగుండేది.

అప్పుడు సైరను.
తెరలో వాళ్ళు పాడుకుంటా నేలమాళిగలోకి దిగుతాంటే
ఖాజాబీ లేచిపోయి స్టవ్వు ఆపొచ్చింది.
పప్పు ఇంకా ఉడకలేదు.
ఎవరమూ ఏమనలేదు.
తొంభైలో ఆమె కువైట్‌లో ఉండె,
పన్నెండు గదుల ఇల్లొకటి ఊడుస్తా.
ఇసుకలో ఎన్ని రోజులు నడిచిందో చెప్పదు.
ఏ సైరను విన్నా స్టవ్వు ఆపుతుంది,
పొద్దున మా షిఫ్టు సైరనుకు కూడా.

ఆ వారమంతా రాత్రిళ్ళు విమానాలు
మా రేకుల మీదుగా ఉత్తరానికి పోతానే ఉన్నాయి.
మొదటి రోజు లెక్కపెట్టినాం.

చివర్లో యుద్ధమైపోయింది.
మేనేజరు అందరికీ చెయ్యి కలిపి
ఇండ్లకు పొమ్మన్నాడు.
తలగుడ్డలు విప్పి కొక్కేలకు తగిలించి
ఎండలోకి నడిచిపోయినారు. పాట పెద్దదైంది.
"మరి ఆ మిషన్లు ఎవరికిచ్చినారు?"
యేసుమణికి అదే కావాల.
దమయంతి సీడీ వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి చూసింది.
దాంట్లో ఆ మాట లేదు.

టీవీ ఆపితే నల్ల అద్దంలో
పదకొండు తలకాయలు, మూడు మంచాలు.
మమ్మల్ని ఎవరన్నా తీస్తే ఎట్లుంటుందని కాసేపు.
సలోమి తన వేషానికి పొడుగు మనిషి కావాలనింది.
ఖాజాబీ, నా వేషం నేనే కడతా,
కాకపోతే డబ్బులు ముందియ్యాల, అనింది.

శనివారం తెల్లారి అయిదుకు బస్సు.
నెల నుంచి ఒకటే గుడ్డ, ఇసుక రంగు.
యాడికి పోతాయో లేబులు మీద ఉండదు.
ప్యాంటుకు ఆరు జేబులు. ఆరోది
మోకాలి పక్కన, మూతతో సహా, నాది.
అందులో ఏం పెట్టుకుంటారో ఎవరూ చెప్పలేదు.
పొద్దున ఒకదాంట్లో చెయ్యి దూర్చి చూసినా.
నా పిడికిలి సరీగా పట్టింది.

టార్గెట్టు మూడొందల ఇరవై.
మూడొందల పది కాడ సైరను మోగింది.
ఆ పది ఏమైనాయన్నాడు సూపర్‌వైజరు.
సినిమాకు పోయినాయి సార్,
అన్నా, తెలుగులో.