ఎర్రవైపు

డిసెంబరు. ఔలు నగరంలో రెండున్నరకే చీకటి.
మెర్యా తెర మీద ఒక తీసివేత
మూడు రోజులుగా తప్పు చెబుతోంది.
ఎక్కువేం కాదు, ఒక్కటే తేడా.
అదీ పై సగంలో.

పొడవాటి సంఖ్యని రెండు ముక్కలు చేస్తే
కింది ముక్క, చాలనప్పుడు,
పైదాన్ని అప్పడుగుతుంది.
అడిగిందో లేదో చెప్పడానికి
ప్రాసెసర్‌లో ఉన్నది ఒకే ఒక బిట్టు, క్యారీ ఫ్లాగు.
దానికి మాటలు రావు.
లేచి ఉంటుంది, లేకపోతే పడుకుని ఉంటుంది.
మధ్యలో ఎవరైనా ఇంకో కూడిక చేస్తే
ఆ కాస్తా మర్చిపోతుంది.
అందుకే మెర్యా దాన్ని ఓ రిజిస్టర్లో దాచింది,
పదేళ్ళ కిందట పాత చిప్పుకి రాసినట్టే:
ఒకటంటే అప్పు చేశాం.

ఏడులోంచి మూడు తీయమంది.
ఎవరినీ చెయ్యిచాచి అడగక్కర్లేని లెక్క.
అయినా పై ముక్కలో ఒకటి మాయం.

సాయంత్రం తువ్వాలు చుట్టుకుని
కొత్త అపార్టుమెంటు నేలమాళిగకి దిగింది.
ఆవిరిగది తలుపుకి చెక్కబిళ్ళ,
ఎర్రవైపు తిరిగి ఉంది.
కయానిలో, వాళ్ళ పాత బిల్డింగులో,
ఎరుపంటే పొయ్యి కాగింది, రండి.
తలుపు తీసింది.

లోపల తౌనొ. ఎనభై రెండేళ్ళు.
ఒంటి మీద ఏమీ లేదు, చేతిలో నీళ్ళ గరిటె.
అరవలేదు.
ఆ నీళ్ళు రాళ్ళ మీద పోసి
ఆవిరి చాటు చేసుకుని నెమ్మదిగా అన్నాడు:
"ఇక్కడ ఎరుపంటే మనిషున్నాడని."

మూడో మెట్టు మీద ఆగిపోయింది,
చెప్పులు చేతిలోనే ఉన్నాయి.

మాన్యువల్లో ఉంది, ఎక్కడో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో:
తీసివేత తర్వాత ఫ్లాగు లేచి ఉంటే
ఎవరికీ బాకీ లేనట్టు.
పడుకుంటేనే అప్పు.
తప్పనలేం. ఈ చిప్పు చేసినవాళ్ళకి
తీసివేత అంటే తిరగేసి కూడటం.
కూడగా పొంగిన ఒకటి వాళ్ళకి నిండుతనం.

ఒక్క ఆజ్ఞ చేర్చింది, ఆ బిట్టుని బోర్లించమని.
పక్కన వ్యాఖ్య: "ఇక్కడ సున్నా అంటే అప్పు."
నాలుగువేల పన్నెండు టెస్టులూ ఆకుపచ్చ.
ఆకుపచ్చంటే ఏమిటో
ఎందుకైనా మంచిదని
ఇంకోసారి చూసుకుంది.

శనివారం పొద్దున్నే తౌనొ తలుపు గొళ్ళేనికి
రై రొట్టె సంచి తగిలించి వచ్చింది.
చీటీ పెట్టలేదు.
ఆయన దాన్ని
ఎలా చదువుకుంటాడో.