ఏ లైన్ల లేదు టీచర్

బోరబండ, సైట్ త్రీ. రేకుల షెడ్డు కింద నాలుగో తరగతి.
బోర్డు మీద నేనే రాసిన పేరా, ఆరు వాక్యాలు:

గురువారం పొద్దున గల్లీలోకి ట్యాంకర్ వచ్చింది.
డ్రైవరు మూడుసార్లు హారన్ కొట్టాడు.
కిష్టమ్మ పొయ్యి మీది పాలు వదిలేసి ఉరికింది.
ఇద్దరు అన్నదమ్ములు ఒక్క పైపు కోసం కొట్టుకున్నారు.
ఎర్ర బిందె ఒకటి దొర్లుకుంటూ మోరీలో పడింది.
పావుగంటలో ట్యాంకర్ వెళ్లిపోయింది.

"ఇది దేని గురించి? ఒక్క ముక్కలో చెప్పండి."

ఒక్క ముక్క అంటే
ఇరవై ఆరు మందికి ఇరవై ఆరు ముక్కలు.
హారన్ గురించి అన్నాడు మహిపాల్,
నోటితో కొట్టి చూపించాడు కూడా, మూడుసార్లు.
"పాల గురించి. పొంగిపోయినయ్ టీచర్!"
పొంగాయని నేను రాయలేదు. పొంగే ఉంటాయి.
బిందె గురించి అంది సింధు,
మోరీలో పడ్డది వాళ్లింటిదే అయినట్టు.
వెనక బెంచీ నుంచి ఒకడు మొదటి వాక్యం అప్పజెప్పాడు.
జవాబెప్పుడూ మొదటి లైన్లోనే దొరుకుతుందని
ట్యూషన్ సార్ చెప్పాడట.

శిక్షణలో మాకు నేర్పింది గుర్తుతెచ్చుకున్నాను:
గొడుగు బొమ్మ గీయండి,
గుడ్డ మీద ముఖ్యాంశం, చువ్వల మీద వివరాలు.
గీశాను.
"టీచర్, గిది పుట్టగొడుగు."
తుడిచేశాను.

సరే, ఇంటికెళ్లి అమ్మకు చెప్పాలంటే ఏమని చెప్తారు?
"అమ్మ ఆడనే ఉంటది కద టీచర్, బిందె పట్టుకోని."

మూడో బెంచీలో గౌసియా.
ఇంట్లో ఉర్దూ, గల్లీలో ఒక తెలుగు,
పుస్తకంలో ఇంకేదో తెలుగు.
చెయ్యెత్తకుండానే అంది:
"నీళ్లు సాలవు."

"ఏ లైన్లో ఉందమ్మా అది?"

బోర్డును పైనుంచి కిందికి ఒకసారి,
కిందినుంచి పైకి ఒకసారి చదివింది.
"ఏ లైన్ల లేదు టీచర్.
అన్ని లైన్లల్ల ఉంది."

ఇరవై రెండేళ్లుగా నేను వెతుక్కుంటున్న మాట,
నీళ్లు తాగొస్తానని అడిగినంత తేలిగ్గా అనేసి
పెన్సిలు చెక్కుకుంటూ కూచుంది.

నాలుగింటికి హాజరు పట్టీ మూస్తుంటే జారిపడింది
ఓదేలు లీవ్ లెటర్.
సోమవారమే దిద్దాను, ఎర్ర సిరాతో.

"టీచర్ గారికి నమస్కారం. నాకు జరం వచ్చింది.
పొద్దున పాల పాకిట్ తెచ్చిన.
చెల్లెకు బువ్వ తినిపిచ్చిన. చెల్లె నిద్రపోతలేదు.
అమ్మ డూటీ రాత్రి తొమ్మిదికి అయిపోతది.
తలుపు గొల్లెం చెల్లెకు అందుతది.
గందుకే రాలె. నాకు జరం తగ్గలేదు."

జరం కింద గీత గీసి జ్వరం అని రాశాను.
గొల్లెం కొట్టేసి గొళ్లెం.
చెల్లె కొట్టేసి చెల్లెలు, రెండుచోట్లే,
మూడోది కనబడలేదు.
కింద, దస్తూరి మెరుగుపడాలి, అని సంతకం.

రెండోసారి చదివాను,
గౌసియా చదివినట్టు, కిందినుంచి పైకి.
ఎర్ర సిరా రబ్బరుకు పోదు.
వేలు తడిచేసి రుద్దితే కాగితం చిరుగుపట్టింది.

మర్నాడు వాడు వచ్చాడు. జ్వరం సంగతి అడగలేదు.
"చెల్లె పేరేందిరా?"
"హన్సిక. పిలిస్తె పలకది కని."
"రేపు తోల్కరా."
వాడు నా మొహంకేసి చూశాడు,
ఇందులో తప్పెక్కడ పట్టుకుంటానో అన్నట్టు.

ఇప్పుడది నా కుర్చీ పక్కన చాప మీద కూచుంటుంది.
చాక్‌పీసు ముక్కలు తింటుంది, వద్దంటే నవ్వుతుంది.
మహిపాల్ హారన్ కొడితేనే బువ్వకు నోరు తెరుస్తుంది.

పట్టీలో పేర్లు ఇరవై ఆరు.
తలలు లెక్కపెడితే ఇరవై ఏడు.
తనిఖీకి ఎవరైనా వస్తే ఏ గడిలో చూపించాలో తెలీదు.
కుడి చివర 'వివరాలు' అని సన్నటి గడి ఒకటుంది.
ఇంకా ఖాళీగానే ఉంచాను.