నీలం చీర

యానాం రేవులో, పడవ గూడు కింద
నల్లగుడ్డ కప్పుకుని
గాజుపలకను వెండినీళ్లలో ముంచాను.
ఈథర్ వాసనకి గట్టుమీద కుక్క తుమ్మింది.

"తడారకముందే తియ్యాలి, కదలకు మంగాయమ్మా."

ముత్తాతల కాలపు ఇత్తడి లెన్సు వెనక, గరుకుటద్దంలో
ఆమె తలకిందులుగా కూర్చుంది,
గోదారి ఆమె పాదాలకి పైన పారింది.
పన్నెండు లెక్కపెట్టాను.
వల బాగుచేసే వేళ్లు మాత్రం ఆగలేదు.

హైపోలో బొమ్మ తేలింది:
అలల్లేని పాలనీళ్లు,
వేళ్లున్నచోట పొగ.

"ఇదేంటయ్యా, తెల్లచీర కట్టించావు!"
"ఈ మందు కంటికి నీలమంటే తెలుపేనమ్మా..."

వినలేదు. ఆమె మనిషి వేటకెళ్లి నాలుగు రోజులు.
వార్నిష్ పూయకముందే బొటనవేలితో
మెడ కిందనుంచి తుడిచేసి
గాజు తన ముందు ఎత్తిపట్టుకుంది:

పైన వెండి ముఖం.
కింద, ఖాళీలోంచి,
గాలికి కదిలే చీర.
నీలంగానే.