ఖాళీ వల

మా ఇంట్లో వల నిండితేనే పొయ్యి వెలిగేది.
నేను ఎంచుకున్న పనిలో
వల ఖాళీగా ఉంటేనే జీతం.

ఇది మా అయ్యకి ఎంత చెప్పినా ఎక్కలేదు.
ఫిషింగ్ హార్బర్ ఐసు ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు
కొక్కెంతో దిమ్మెలు లాగినవాడు.
"రోజల్లా వల ముందర నిలబడి
ఒక్కటీ పడనేదని సంబరపడతావేటే గుంటా!" అనేవాడు,
స్పర్శ చచ్చిన అరచేతిలో బీడీ ఆర్పుకుంటూ.

మొదట ఐసు లేదు. చక్రాలే.
బీచ్ రోడ్డు పక్క పార్కులో సిమెంటు రింకు,
ఉప్పుగాలికి బేరింగులు తుప్పుపట్టి కీచుమనేవి.
జోరుగా పోలేనివాళ్లని గోల్లో పెడతారు.
నన్ను పెట్టారు.
కాళ్లకి కట్టుకున్నవి ప్యాడ్లు కావు,
పాత బోటు లైఫ్‌జాకెట్లు కోసి
మా నూకాలత్త నైలాన్ తాడుతో కుట్టిన దిండ్లు.
గోలుకి వల కూడా ఆవిడే అల్లింది,
కోనాం వల కన్ను, నాలుగు వేళ్లు.
"దీన్లోంచి ఏదీ జారిపోదు" అంది గర్వంగా.
నాకు కావలసింది అది కాదని చెప్పలేకపోయాను.

లడాఖ్‌లో చూశాను, చెరువు చెరువంతా ఒకే దిమ్మె.
జట్టంతా ఫొటోలు దిగుతున్నారు.
నేను వంగి వాసన చూశాను.
చేపల వాసన లేని ఐసు!
ఆ రోజు వణికింది చలికి కాదు.

తర్వాత ఏముంది, పద్నాలుగేళ్లు.
అందులో పదకొండు బెంచీ మీద.
ఇద్దరు గోల్‌కీపర్లలో రెండోదాన్ని:
తలుపు గడియ తియ్యడం, సీసాలు నింపడం,
మొదటిదానికి దెబ్బ తగలాలని అనుకోకుండా ఉండడం.
(అనుకున్నాను. రెండుసార్లు.)

పేరు పలకడానికి రెండు దమ్ములు పట్టే ఊళ్లో
ఒక శీతాకాలం, ఒక కాంట్రాక్టు, ఒక గది.
కిటికీ బయట పెరుగు వేలాడదీస్తే తెల్లారికి రాయి.
చొక్కా వీపున సూరాడ అని రాశారట, వాళ్ల లిపిలో.
చదవలేకపోయినా నాదని తెలిసింది,
అన్నిట్లోకీ అదే పెద్దది గనక.

నలభై ఒక్కటి ఆపిన రాత్రి ఒకటుంది.
నలభై రెండోది నా మోకాళ్ల సందులోంచి
పక్కింటి పిల్లిలా తాపీగా వెళ్లింది.
వెనక ఎర్రదీపం. తిరిగి చూడలేదు.
సీసా ఎత్తి నీళ్లు తాగాను.
గోల్‌కీపర్ నీళ్లు తాగుతోందంటే
అది దాహం కాదని ఆడేవాళ్లందరికీ తెలుసు.
మర్నాటి పేపర్లో నలభై ఒకటి ఎక్కడా లేదు.
సున్నా, పక్కన ఒకటి.

ఫోన్లో అయ్య అడిగాడు: "ఎన్ని పడ్డాయే?"
"ఒక్కటి."
"ఒక్కటేనా..." జాలిగా ఆగాడు.
"పోన్లే. రేపు బాగా పడతాయిలే."

స్కాను వెలుతురుకి పట్టి కేజీహెచ్ డాక్టరు అడిగాడు,
"ఏం పని చేసేవారమ్మా?"
మోకాళ్ల మీద పడే పని, అన్నాను.
గుడి మెట్లు కడిగేదాన్ననుకున్నాడు కాబోలు,
ఫీజు తగ్గించమని చీటీ రాశాడు.

ఇప్పుడు అదే సిమెంటు రింకు.
సాయంత్రాలు పిల్లలకి లేసులు బిగిస్తాను.
ఎవరికీ అక్కర్లేని ఒక పిల్లాడు
చెప్పకుండానే గోలు వైపు నడుస్తాడు.
వాడి లేసు రెండుసార్లు చూస్తాను.

పొద్దున్న నాలుగింటికి అయ్యతో హార్బర్‌కి వెళ్తాను, టీకి.
రిటైరైనా ఆ చలి దగ్గర నిలబడందే తెల్లారదు ఆయనకి.
మొన్న చూటు మీంచి దిమ్మె పట్టు తప్పింది.
నేను చూడకముందే
మోకాళ్లు రెండూ నేల మీదున్నాయి,
ఎడమ చెయ్యి చాచి, టీ ఒలికి.
దిమ్మె పక్కనుంచి జారి, బోటు చెక్కకి తగిలి పగిలింది.

కళాసీలు పగలబడి నవ్వారు.
అయ్య నవ్వలేదు.
నా వెనక్కి, ఏమీ లేని చోటుకి,
చాలాసేపు చూశాడు,
అక్కడ ఒక వల ఉన్నట్టు,
దాన్లో ఏదీ పడనట్టు.