గుటక

గని మూసేసిన కొండ మీంచి
వేల్స్ లోయలోకి జారే వీధి మాది.
గోడకు గోడ ఆనించుకున్న ఐదిళ్ళు,
పెరటి గుమ్మాల వెనక ఒకటే గొట్టం.
నాది ఆఖరి ఇల్లు.
నీరు పల్లమెరుగు అంటారు.
మా వీధి నీటికి నా చిరునామా కూడా తెలుసు.

అక్టోబరు వచ్చిందంటే
ఉత్తరాల కన్నా ముందు ఆకులొస్తాయి.
ఆకును చూసి ఇల్లు చెప్పగలను:
రంపపు పళ్ళ చిన్న బర్చ్ ఆకు ఎలునెడ్‌ది,
రాగిరేకులా వంపు తిరిగిన బీచ్, చర్చి ఆవరణది,
అరచెయ్యంత సికమోర్, ఒంటినిండా తారు మచ్చలతో,
ప్రోబర్ట్‌ది.
ఎప్పుడూ ప్రోబర్ట్‌దే.

ఆ రాత్రి రెండింటికి
కుక్క వచ్చి నా మంచమెక్కింది.
కింద వంటింట్లో నా చెప్పు ఒకటి
పడవై, బల్ల కాలికి కొట్టుకుంటోంది.
నైటీ మీద కోటు, రబ్బరు బూట్లు,
టార్చి పళ్ళతో పట్టుకుని
పెరట్లో మోకాళ్ళ మీద కూలబడ్డాను.
ఇనప జల్లెడ నీళ్ళ కింద ఎక్కడో.
తడిమి, ఎత్తి, మోచేతి దాకా చెయ్యి దించాను.

చల్లగా, మెత్తగా,
ఏదో జంతువు ముడుచుకుని పడుకున్నట్టు
ఆకుల ముద్ద.
పిడికెడు పిడికెడు లాగాను:
నాచు, పావురం ఈక, విరిగిన బట్టల క్లిప్పు,
బొమ్మ కాలి ఎర్ర బూటు,
అన్నిటినీ కరుచుకుని తెల్లటి కొవ్వు గడ్డ.
ఎవరో పెనంలోంచి వేడిగా ఒంపి
చల్లారేలోపే మర్చిపోయినది.

అప్పుడు లోపలెక్కడో
నేల గుటకేసింది.
ఒక్కటే గుటక,
దాహమని చెప్పుకోలేని మనిషికి
గ్లాసు దొరికినట్టు.
నీళ్ళు సుడి తిరిగి పోయాయి.
అక్కడే మోకాళ్ళ మీద కాసేపు ఏడ్చాను.
చలికే లెండి.

తెల్లారాక ఆ కొవ్వు గడ్డని జామ్ సీసాలో పెట్టి
ప్రోబర్ట్ తలుపు కొట్టాను.
దారంతా మాటలు నూరుకుంటూ వెళ్ళాను.
ఆయన వచ్చి తలుపు తీసేసరికి
సగం మొద్దుబారాయి.
చేతికర్ర. కొత్తగా వేసిన తుంటి.
తడిసి బురదైన పైజమా అంచు.
"రాత్రంతా చీపురుతో తోస్తూనే ఉన్నాను షోనెడ్,
గుమ్మం దాకా వచ్చేసింది.
ఎలాగో పోయింది."

పోయింది.
ఎక్కడికి పోయిందో చెబుదామని వచ్చినదాన్ని
సీసాను కోటు జేబులోకి తోశాను.
పెరట్లోకి వెళ్ళి చూస్తే
జల్లెడ లేదు, పరుపు ఉంది,
నిరుటి ఆకు మీద ఈ ఏటి ఆకు.
వంగలేడు. అంతే.
వసంతం నుంచీ వంగలేదు.
అడగాలని ఆయనకీ, చూడాలని నాకూ తోచలేదు.

ఇప్పుడు శనివారాలు
పాత సూప్ గరిటెకు తాడు కట్టుకుని నేను,
గొడుగు కింద కుర్చీలో ఆయన.
నాకొచ్చిన పనే నాకు నేర్పుతాడు, అదీ తప్పుగా.
తీసిన ఆకుల్ని సంచిలో కూరి, చిల్లులు పొడిచి
షెడ్డు వెనక నిలబెడతాం.
"రెండేళ్ళు ఆగు, నల్లటి మన్ను!
నా లీక్ మొక్కలు చూద్దువుగాని!"
ఎనభై మూడేళ్ళ మనిషి
రెండేళ్ళని అంత తేలిగ్గా అనేస్తాడు.
కొవ్వు సంగతి నేనెత్తలేదు.
మొన్న ఆయన పొయ్యి పక్కన
ఖాళీ బీన్స్ డబ్బా ఒకటి కనిపించింది,
సగం దాకా తెల్లగా పేరుకుని.

వాన రాత్రుళ్ళు
చీకట్లో చెవి పెట్టి లెక్కపెడతాను.
గొట్టం వెంట దిగొస్తుంది చప్పుడు:
మొదట ఎలునెడ్ ఇల్లు, సన్నగా,
తర్వాత మోర్విద్ ఇల్లు, గొంతు సవరించుకున్నట్టు,
మూడోది ప్రోబర్ట్‌ది, నిండుగా, గర్వంగా.
నాలుగో ఇల్లు

పలకదు.

ఆగస్టులో దిగారు.
గుమ్మం దగ్గర మూడు చక్రాల సైకిలు చూశాను,
మనుషుల్ని చూడలేదు.
వాన పెద్దదవుతోంది.
లేచి, బూట్లు తొడుక్కుని, గరిటె తీసుకుని,
కిటికీలో కడిగి ఆరబెట్టిన ఎర్ర బూటు కూడా తీసుకుని
వాళ్ళ తలుపు ముందు నిలబడ్డాను.
ఏమని పిలవను?