మూఢంలో సెలవు

మూఢమొచ్చింది.
నెల్లాళ్ళు బరంపురంలో ఎవరికీ పెళ్లి లేదు.
జరీ భుజాల ఎర్రకోటు
మేకుకి వేలాడుతోంది, లోపల ఇంకా
ఫాల్గుణం చెమట వాసనతో.
క్లారినెట్టు రీడు అగ్గిపెట్టెలో పడుకుంది.
"ఈరోజైనా ఎవరి ఊరేగింపుకీ ముందు నడవకుండా
ఊరికే నడుద్దుమా" అంది సుగ్యానం.
ముప్పయ్యేళ్ళ కాపురంలో
నన్నడిగిన రెండో కోరిక. మొదటిది గ్రైండరు.

గేట్‌బజారు దగ్గర ఆటో దిగేసరికి
గాలే నూనెలో వేగుతోంది.
పియాజీలు, బరాలు, చేప ముక్కలు,
అడ్డాకు దొప్పలో పొగలు కక్కే ఘుగుని,
ఒడియాలో బేరం, తెలుగులో తిట్టు.
ముంత మసాలా కుర్రాడు ముంతలో గరిటె ఆడిస్తుంటే
అది ఏడు మాత్రలని
నాకంటే ముందు నా వేళ్ళకి తెలిసిపోయింది.
"తిను, లెక్కెట్టకు" అంది.

తిన్నాను.
నిజం చెప్పాలంటే వేడిగా తినడం నాకు కొత్త.
పెళ్లిళ్ళలో బ్యాండోళ్ళది ఆఖరి పంక్తి:
అడుగంటిన పప్పు, బిగిసిపోయిన అన్నం,
పెరుగు అయిపోయిందన్న కబురు.
డ్రమ్ము దండపాణి అంటూ ఉండేవాడు,
మనం వాయిస్తే వాళ్ళకి ఆకలేస్తుందిరా,
వాళ్ళు తిన్నాక మనకి వాసనేస్తుంది, అని.
ఇక్కడ దహీబరా చల్లగా గొంతు దిగింది,
వెనకే ఆలూదమ్ము, మంట.
పెదవి మీద రీడు కోసిన గాటు చుర్రుమంది.
ఆ చుర్రు కూడా బాగుంది.

మైదానంలో మెలోడీ మొదలైంది.
నీలం లైట్లు, పొగ మిషను,
వెండి రంగు గౌనులో పదహారేళ్ళ పిల్ల.
లిప్సారాణి అని మైకులో మూడుసార్లు చెప్పారు.
గొంతు మంచిదే. చరణం చివర ఊపిరి మాత్రం
దొంగతనంగా పీల్చుకుంటోంది,
పక్కింటి పెరట్లో జామకాయ కోసినట్టు.

పాట మధ్యలో క్లారినెట్టు వచ్చింది.
మెడ సాచి చూశాను. మనిషి లేడు.
కీబోర్డు కుర్రాడు ఒక్క వేలితో నొక్కుతున్నాడు.
మా తాత పళ్ళూడేదాకా ఊదిన ఊదుడు,
మా నాన్న రొమ్ము నొప్పి
ఒక బొత్తాం కింద సర్దుకుపోయాయి.
ఊపిరి తీసుకోకుండా ఎంతసేపైనా పలుకుతుందది,
నీళ్ళలో చేపలాగ.

కోపం రావాలి గదా. వచ్చింది కూడా.
దొప్ప నలిపేశాను, ఘుగుని చొక్కా మీద పడింది.
సుగ్యానం కొంగుతో తుడుస్తూ
చూపు స్టేజీ మీదే ఉంచి పెదాలు కదుపుతోంది,
మాట మాటా కలుపుతోంది.
ఈ పాట దీనికెలా తెలుసు?
నేను ఊళ్ళ పెళ్ళిళ్ళు తిరిగిన రాత్రుళ్ళు
రేడియో పక్కన ఒక్కర్తీ నేర్చుకున్నవి
ఇంకా ఎన్నున్నాయో.

అప్పుడు కుర్రాడు తప్పాడు.
వేలు పక్క మెట్టు మీద పడి, జారి,
మోచేత్తో చెమట తుడుచుకుని మళ్ళీ ఎక్కాడు.
హమ్మయ్య, మనిషే.
ఆ చెవులు చూస్తే
మన దండపాణి మనవడేమో అనిపించింది.

పాట అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు, ఆపేశారు,
పుల్ల ఐసు బండికేసి కదిలారు.
నా చేతులు అప్పుడు లేచాయి.
పెళ్లి బ్యాండుకి ఎవరు కొడతారు చప్పట్లు?
కొట్టడం కూడా నేను నేర్చుకోలేదు.
ఆలస్యంగా, తాళం తప్పి, ఒక్కడినే.
కుర్రాడు తల తిప్పి చీకట్లో వెతికాడు.

"చాల్లే, అందరూ చూస్తున్నారు" అని
పక్కలో పొడిచింది సుగ్యానం.
ఛెనాపోడొ కొనమంది. రెండు ముక్కలు,
ఒకటి ఇక్కడికి, ఒకటి దారికి.
ఆటోవాడు అర్ధరాత్రి రేటు చెప్పాడు.
పదో పరకో తగ్గించేలోపు
వెనకాల మళ్ళీ పాట లేచింది.
ఎక్కకుండా రోడ్డు మీదే నిలబడిపోయాం,
చేతికంటిన తీపి నాక్కుంటూ,
మా కోసం ఆటో గుర్రుగుర్రుమంటుంటే.